విండోస్ 10 పోయిందని పాత సిస్టమ్‌ని తూకానికి వెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

విండోస్ 10 మీద మీ పేపర్లో వచ్చిన ఐటం చదివాను. 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి డబ్బులు కట్టి ఇంకొన్నాళ్ళు అప్‌డేట్లు తీసుకోండి, లేదంటే విండోస్ 11 నడిచే కొత్త సిస్టమ్ కొనుక్కోండి అని రెండు దార్లు చెప్పి వదిలేశారు. మూడోది ఉందండి, ఉన్న విండోస్‌ని ఉన్నట్టే ఉంచి అదే డిస్కులో పక్కన లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వేసుకోవడం, దాని గురించి ఒక్క లైను కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, మీకు జాగా లేకపోతే కట్ చేసి వేసుకోండి నాకేం అభ్యంతరం లేదు గానీ డిస్కులో పార్టిషన్లు, అంటే వాటాలు, చెయ్యడం గురించి రాసిన ముక్క మాత్రం తియ్యొద్దండి ప్లీజ్, జనం ఫోటోలు పోగొట్టుకునేది అక్కడే.

నాది గుడివాడలో డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బయోడేటాలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఖాళీ ఉన్నప్పుడు చుట్టుపక్కల వాళ్ళ సిస్టమ్స్ రిపేరు. ఇది ఎందుకు చెప్తున్నానంటే "విండోస్ మానేసి లినక్స్‌కి మారిపోండి" అని నెట్‌లో సలహాలిచ్చే కుర్రాళ్ళకి మా బాధ తెలీదు. తెలుగు డీటీపీ ఇప్పటికీ చాలా షాపుల్లో పేజ్‌మేకర్ 7 అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది, అది అడోబీ వాడు 2001లో ఇచ్చిన ఆఖరి వెర్షన్, ఆ తర్వాత వాడే దాన్ని గాలికొదిలేశాడు. దాని మీద తెలుగు టైపు చెయ్యడానికి అను స్క్రిప్ట్ మేనేజర్, ఆపిల్ కీబోర్డు లేఔట్, అనుపమ, పల్లవి, ప్రియాంక ఫాంట్లు. ఏళ్ళ తరబడి చేసిన పెళ్ళికార్డుల ఫైళ్ళన్నీ దాన్లోనే ఉన్నాయి, కస్టమర్ వచ్చి "మా పెద్దమ్మాయి కార్డు మీరే వేశారు కదండీ, అదే మోడల్లో పేర్లు మార్చి చిన్నమ్మాయికి వెయ్యండి" అంటే ఆ ఫైలు తెరుచుకోవాలి. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిపి పిచ్చి గీతలు కనిపిస్తాయి. పక్క షాపులో ట్యాలీ వాడే ఆడిటర్ గారి పరిస్థితీ ఇంతే, ఆయనకీ విండోస్ ఉండాల్సిందే. మాలాంటి వాళ్ళకి విండోస్ మానెయ్యమనే సలహా ఎందుకూ పనికిరాదు. అట్లాగని అప్‌డేట్లు రాని విండోస్‌లో బ్యాంకు సైటు తెరవమంటే నాకు ధైర్యం చాలదు. కాబట్టి రెండూ ఉంచుకోవాలి, ఎవరి పని వాళ్ళకి. నేను చెప్పేది మొత్తం ఇదేనండి, మిగతాదంతా ఎట్లా అన్నదే.

ముందు ఇబ్బంది ఎవరికొచ్చిందో చూడండి. విండోస్ 11 కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే లేవనిచ్చే ఏర్పాటు) ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే లిస్టులో ఉన్నాయి. అంటే 2015, 16ల్లో పిల్లల ఇంజినీరింగ్ కోసం అప్పో సప్పో చేసి కొన్న ఐ3, ఐ5 లాప్‌టాప్‌లన్నీ లిస్టు బయటే. వాటికి రోగమేం లేదు, కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, మహా అయితే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ఈ అర్హతలు చూసే చెకింగ్ తప్పించి 11 ఎక్కించి ఇచ్చే షాపులు కూడా ఉన్నాయి, ఎక్కుతుంది, కాదనను, కానీ కంపెనీ దాన్ని ఒప్పుకోదు, రేపు ఏ పెద్ద అప్‌డేట్‌తో ఆగుతుందో చెప్పలేం. కోర్ 2 డ్యుయో లాంటి మరీ పాతవైతే 11లో 24హెచ్2 వెర్షన్ అస్సలు బూటే కాదు, ఆ ప్రాసెసర్లో అది అడిగే ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఇంక మా లైన్లో విండోస్ 7 వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారండి, దానికి సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది, క్రోమ్ కూడా 2023 ఫిబ్రవరిలో 110వ వెర్షన్ నుంచి 7 ని వదిలేసింది, ఆ సిస్టమ్స్‌లో సైట్లు సగం తెరుచుకుని సగం తెరుచుకోక నానా తిప్పలు.

మీరు రాసిన డబ్బుల దారి గురించి కూడా ఒక మాట. ఆ ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లు మామూలు జనానికి 2026 అక్టోబర్ 13 దాకే, 30 డాలర్లు అని రాశారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే వస్తాయన్న సంగతి వదిలేశారు. ఇష్టమైన వాళ్ళు అది తీసుకోండి, తప్పేం లేదు. కానీ అదీ గడువు జరపడమే.

ఇప్పుడు అసలు విషయం. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసినట్టు డిస్కులో కొంత జాగా ఖాళీ చేసి అందులో లినక్స్ వేస్తాం. సిస్టమ్ ఆన్ చెయ్యగానే గ్రబ్ అని నల్ల స్క్రీన్ మీద చిన్న మెనూ వస్తుంది, లినక్స్ కావాలా విండోస్ కావాలా అని, బాణం గుర్తుతో ఎంచుకుని ఎంటర్ కొట్టడమే. లినక్స్‌లో రకాలు బోలెడు, నేను మా ఊళ్ళో వాళ్ళందరికీ వేసేది మింట్. కింద ఎడమ పక్కన మెనూ, కుడి పక్కన టైము, విండోస్ 7 వాడిన చెయ్యి వెతుక్కోకుండా పని చేసుకుపోతుంది. ఇప్పుడున్న 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, పైసా ఖర్చు లేదు, యాక్టివేటర్లు క్రాకులు అక్కర్లేదు. క్రాకుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మన దగ్గర పాత సిస్టమ్స్‌లో వైరస్ మొదట వచ్చేది ఆ యాక్టివేటర్ తోనే, వేసినవాడికీ తెలుసు వేయించుకున్నవాడికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

ర్యామ్ 4 జీబీ ఉంటే మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసుకోండి, 8 ఉంటే సినమన్ బాగుంటుంది. 2 జీబీతో కూడా ఎక్కుతుంది గానీ నేను సిఫారసు చెయ్యను, ఎందుకంటే ఓఎస్ తేలికే గానీ బ్రౌజర్ బరువు, పది ట్యాబులు తెరిస్తే ఏ ఓఎస్ అయినా చేతులెత్తేస్తుంది. పాత హార్డ్ డిస్కు తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించుకుంటే వచ్చే తేడా ఏ ఓఎస్ మార్చినా రాదు, పెట్టేదేదో ముందు దాని మీద పెట్టండి. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ ముసలి డెస్క్‌టాప్‌లకి మాత్రం ఇప్పుడు కష్టం, ఉబుంటు ఎప్పుడో మానేసింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లో కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, అలాంటివి టైపింగ్ నేర్చుకునే పిల్లలకి ఇచ్చెయ్యండి.

వెయ్యబోయే ముందు ఫైళ్ళన్నీ బయట డిస్కులోకి కాపీ తీసుకోండి. ఇది మామూలుగా అందరూ చెప్పేదే, అందరూ వదిలేసేదే. తర్వాత విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసెయ్యాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఆ డ్రైవులు లినక్స్‌లో తెరిస్తే చదవడానికి వస్తాయి గానీ సేవ్ కావు, అసలు తెరుచుకోకపోవచ్చు కూడా. కొంచెం కొత్త లాప్‌టాప్‌ల్లో బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఆన్ అయి ఉంటుంది, ఓనరుకి ఆ సంగతే తెలీదు, బయోస్‌లో (ఓఎస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఏదన్నా మార్చగానే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, కాబట్టి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఫోన్‌లో ఫోటో కాదు కాగితం మీద.

ఇక పార్టిషన్లు. దీన్ని కళ్ళకి కట్టినట్టు చెప్తాను. రిటైరైన లెక్కల మాస్టారొకాయన తన లాప్‌టాప్ తెచ్చారు, విండోస్ 7 కాలం నాటిది, 500 జీబీ డిస్కు. "ఏమయ్యా, డీ డ్రైవులో మా మనవరాలి పెళ్ళి ఫోటోలున్నాయి, వాటికేం కాదు గదా" అన్నారు. "కాదు మాస్టారూ, ముందు వాటిని బయటికి తీద్దాం, ఆ తర్వాతే ముట్టుకుంటాను" అన్నాను. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే సిస్టమ్ రిజర్వ్‌డ్ అని చిన్న ముక్క, తర్వాత సీ, తర్వాత డీ, చివర్లో కంపెనీ వాడి రికవరీ, నాలుగింటికీ పైన ముదురు నీలం గీత. ఆ గీత అంటే ప్రైమరీ పార్టిషన్ అని. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కులో ప్రైమరీలు నాలుగే పడతాయి, ఐదోది పట్టదు. అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారంటే డీ మీద రైట్ క్లిక్ కొట్టి ష్రింక్ చేస్తారు, అది చక్కగా ఒప్పుకుంటుంది, నల్ల గీతతో అన్ అలొకేటెడ్ అని జాగా వస్తుంది. ఆ నల్ల జాగా మీద రైట్ క్లిక్ కొట్టి న్యూ సింపుల్ వాల్యూమ్ అంటారు, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుతారు, చివర్లో ఒక చిన్న హెచ్చరిక వస్తుంది, మీ బేసిక్ డిస్కుని డైనమిక్ డిస్కుగా మారుస్తాం, ఎస్ ఆర్ నో అని. ఇంత ఇంగ్లీషు ఎవరు చదువుతారండీ, ఎస్ కొట్టేస్తారు. అయిపోయింది, డిస్కు డైనమిక్ అయ్యాక దాన్లో లినక్స్ ఇన్‌స్టాలర్‌కి చోటు సరిగ్గా కనపడదు, ఫైళ్ళు పోకుండా వెనక్కి మార్చడానికి విండోస్‌లో దారి లేదు. ఈ ఎస్ కొట్టిన సిస్టమ్స్ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, వాళ్ళు వేరే షాపులో చేయించుకుని ఆ తర్వాత ఇక్కడికొస్తారు.

చెయ్యాల్సిందేంటంటే అక్కడ నో కొట్టాలి. డీలో ఉన్నవన్నీ బయట డిస్కులోకి తీసి, ఒకటికి రెండు ఫోటోలు తెరిచి చూసుకుని, అప్పుడు డీని డిలీట్ చెయ్యాలి. ఆ జాగాలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అని ఒకటి పెట్టి, దాని లోపల లాజికల్‌గా మళ్ళీ ఒక డీ, మిగతాది లినక్స్‌కి వదలాలి. లినక్స్ లాజికల్‌లో కూడా శుభ్రంగా కూర్చుంటుంది, విండోస్‌కున్న పేచీ దానికి లేదు. మాస్టారు గారి సిస్టమ్‌కి అదే చేశాను, ఆయన పక్కనే కూచుని ఫోటోలు కాపీ అవుతుంటే పర్సంటేజీ చదువుతూనే ఉన్నారు, లెక్కల మాస్టారు కదా. కొత్తగా వచ్చిన జీపీటీ పద్ధతి డిస్కులకి ఈ నాలుగు గొడవ లేదు, విండోస్ 8 ఆ తర్వాత వేసి అమ్మిన లాప్‌టాప్‌లు ఎక్కువ శాతం జీపీటీవే. రికవరీ పార్టిషన్ ఎందుకులే అని దాన్ని లేపేసేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ కంపెనీ విండోస్ మళ్ళీ వేసుకోవాల్సి వస్తే అదొక్కటే ఆధారం, ఉంచండి.

ఇంకోటి, విండోస్ ఏ బూట్ మోడ్‌లో (పాత లెగసీ, కొత్త యూఈఎఫ్ఐ అని రెండున్నాయి) ఉంటే లినక్స్ పెన్‌డ్రైవ్ కూడా అదే మోడ్‌లో బూట్ చెయ్యాలి, అది లెగసీ అయితే ఇదీ లెగసీ, అది యూఈఎఫ్ఐ అయితే ఇదీ అదే. ఒకటి అట్లా ఒకటి ఇట్లా వేస్తే రెండూ పని చేస్తాయి గానీ మెనూలో రెండోది కనపడదు, "విండోస్ పోయింది" అని కంగారుపడతారు. పోలేదు, కనపడట్లేదంతే. పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడానికి రూఫస్ అనే ప్రోగ్రాము చాలు, 8 జీబీది ఉంటే సరిపోతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకుండా అట్లాగే కాసేపు వాడి చూడండి, డిస్కులో ఏమీ మారదు. సౌండ్ వస్తోందా, వైఫై పడుతోందా, టచ్‌ప్యాడ్, కెమెరా, ప్రింటరు. వైఫై పడకపోతే భయపడక్కర్లేదు, కొన్ని వైఫై కార్డులకి డ్రైవరు వేరేగా దించుకోవాలి, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది, అప్పుడు డ్రైవర్ మేనేజర్లోకి వెళ్తే అదే చూపిస్తుంది. ప్రింటర్ల దగ్గర మాత్రం అబద్ధం చెప్పను. జిరాక్స్ షాపుల్లో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని లినక్స్‌లో పెట్టగానే పట్టేస్తాయి, కొన్ని మొండికేస్తాయి, మా షాపులో బాగా నమ్మకమైన పాతదొకటి ఇప్పటికీ విండోస్ వైపే నడుస్తుంది, లినక్స్‌లో పీడీఎఫ్ చేసి డీలో పెట్టి ఇటొచ్చి ప్రింట్ కొడతాం. బాగున్నవన్నీ పట్టించుకోను, ఇది మాత్రం చికాకే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చెయ్యి" అనే అర్థం వచ్చే ఆప్షన్ కనిపించాలి. అది కనపడకుండా "ఎరేజ్ డిస్క్" ఒక్కటే కనిపిస్తే ఆగిపోండి, ఇన్‌స్టాలర్‌కి విండోస్ కనపడట్లేదని అర్థం, ఫాస్ట్ స్టార్టప్పో బిట్‌లాకరో పార్టిషన్ గొడవో ఏదో ఉంది. ఎరేజ్ అంటే సీ ఒక్కటే అనుకునేవాళ్ళున్నారు, కాదు, డిస్కు మొత్తం.

వేశాక మన దేశంలో అందరికీ వచ్చే తమాషా ఒకటుంది. ఒక మందుల షాపాయన సిస్టమ్‌కి ఇట్లా రెండూ వేసిచ్చాను, మర్నాడు ఫోన్, పొద్దున్న పదిన్నరకి కొట్టిన బిల్లు మీద తెల్లవారుజామున ఐదు అని పడింది, కస్టమర్ "ఏంటండీ ఇవాళ అంత పెందలాడే తీశారు" అంటున్నాడట. ఎవరో మదర్‌బోర్డు మీదుండే సీమాస్ సెల్ అయిపోయిందంటే ఆయన కొత్త సెల్ కూడా వేయించాడు, ఐదున్నర గంటల తేడా అట్లాగే ఉంది. కారణం సెల్ కాదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీన్‌విచ్ టైము పెడుతుంది, విండోస్ అదే లోకల్ టైము అనుకుంటుంది, మనకీ గ్రీన్‌విచ్‌కీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో గడియారాన్ని లోకల్ టైములో ఉంచమని చెప్తే అయిపోతుంది, మళ్ళీ జన్మలో రాదు. రెండు ఓఎస్‌లు వేసే ప్రతి టెక్నీషియన్ ఇది చేసి ఇవ్వాలి, చాలామంది చెయ్యరు.

తెలుగు టైపింగ్ గురించి మీ పాఠకులు ఎక్కువ అడుగుతారు కాబట్టి చెప్తాను. మింట్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాము, దానికి ఎం17ఎన్ అని ప్యాకేజీ వేసుకుంటే తెలుగు కీబోర్డు పద్ధతుల్లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, చివరికి మా డీటీపీ వాళ్ళ ఆపిల్ లేఔట్ కూడా ఉంది. ఆపిల్ ఉందని తెలిసిన రోజు నాకు కొంచెం ఆనందమే వేసింది, వేళ్ళకి పడ్డ అలవాటు మారదు కదండీ. ఫాంట్లకి కూడా లోటు లేదు, ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు ప్రభుత్వం, సిలికానాంధ్ర వాళ్ళు కలిసి తెచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, పొన్నాల, గిడుగు లాంటివి అన్నీ ఉచితం, యూనికోడ్, లినక్స్‌లో హాయిగా పని చేస్తాయి. పేజీ డిజైన్‌కి స్క్రైబస్ ఉంది, ఒకప్పుడు దాన్లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించేవి, 1.5 వెర్షన్లలో సరిచేశారు, 2024 జనవరిలో వచ్చిన 1.6 లో తెలుగు అక్షరాలు బాగానే కుదురుతున్నాయి. కొత్త పనులు కొన్ని దాన్లోనే చేస్తున్నాను. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళని లిబ్రే ఆఫీస్ తెరుస్తుంది, బొమ్మలూ గీతలూ వస్తాయి, కానీ అందులో ఉన్నది అను తెలుగు కాబట్టి అక్షరాల కోసం మళ్ళీ విండోస్‌కి రావాల్సిందే. వైన్ అని లినక్స్‌లోనే విండోస్ ప్రోగ్రాములు నడిపేది ఒకటుంది, దాని మీద నేనైతే ముహూర్తం ఉన్న కార్డు పని పెట్టుకోను.

మా షాపులో ఇప్పుడు పద్ధతేంటంటే విండోస్ వైపు నెట్ అడాప్టర్ డిసేబుల్ చేసేశాం. అక్కడ పేజ్‌మేకర్, అను, ఆ ప్రింటరు, అంతే. బ్రౌజింగ్, మెయిల్, కస్టమర్ల అప్లికేషన్లు, వాట్సాప్ వెబ్, బ్యాంకు పనులు అన్నీ లినక్స్‌లో. ఏ పెన్‌డ్రైవ్ వచ్చినా ముందు లినక్స్‌లోనే పెడతాం. దీని వల్ల ఒక లాభం నేను అనుకోనిది. మన జిరాక్స్ షాపుల్లో షార్ట్‌కట్ వైరస్ తెలియనివాళ్ళుండరు, పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉంటాయి, అసలు ఫైళ్ళు మాయం. డిగ్రీ పిల్ల ఒకతె ప్రాజెక్టు రిపోర్టు పోయిందని ఏడుపు మొహంతో వచ్చింది, అన్నయ్యా రేపే సబ్మిట్ చెయ్యాలి అంటూ. లినక్స్‌లో పెడితే పేరు లేని ఫోల్డర్ ఒకటి కనిపించింది, పేరు ఉండాల్సిన చోట ఉత్త ఖాళీ, దాన్లో అన్నీ పదిలంగా ఉన్నాయి. ఆ వైరస్ ఫైళ్ళని చెరపదు, హిడెన్ అని గుర్తు పెట్టి ఆ పేరు లేని ఫోల్డర్లో దాస్తుంది, లినక్స్ ఆ గుర్తుని పట్టించుకోదు, ఉన్నది ఉన్నట్టు చూపించేస్తుంది. వైరస్ ఫైలు కూడా అక్కడే కనిపిస్తుంది, అది విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము కాబట్టి ఇక్కడ లేచి నిలబడదు, డిలీట్ కొట్టాను.

విండోస్ డ్రైవుల్లో ఉన్న ఫైళ్ళు లినక్స్ నుంచి తెరవొచ్చు, లినక్స్ వైపువి విండోస్ నుంచి కనపడవు, కాబట్టి రెండు వైపులా కావాల్సినవి డీలోనే పెట్టుకోవాలి. అట్లాగని రెండు ఓఎస్‌లు ఉన్నాయి కదా ఒకటి పోతే ఒకటుంది అని బ్యాకప్ మానెయ్యకండి, ఉన్నది ఒకే డిస్కు, అది పోతే రెండూ కలిసే పోతాయి.

కష్టాలు లేవని చెప్పట్లేదు. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు బూట్ క్రమం మారిపోయి మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకోవచ్చు, బయోస్‌లోకి వెళ్ళి లినక్స్‌ని పైకి జరిపితే ఎక్కువసార్లు సరిపోతుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కొన్ని డ్యుయల్ బూట్ (రెండు ఓఎస్‌లున్న) సిస్టమ్స్‌లో లినక్స్‌ని బొత్తిగా లేవనివ్వలేదు, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని చూపించి ఆపేసేది, దేశదేశాల్లో జనం తిట్టుకున్నారు. నెట్ తీసేసిన విండోస్‌కి ఈ బెడద రాదు, మా పద్ధతిలో అదొక సుఖం. ఆటలాడే కుర్రాళ్ళకి కొన్ని ఆన్‌లైన్ గేములు లినక్స్‌లో రావు, వాళ్ళకి వేసిచ్చినా మూడో రోజుకి విండోస్‌లోనే ఉంటారు, వాళ్ళ టైమూ నా టైమూ దండగ. వర్చువల్ మెషిన్‌లో, అంటే లినక్స్ లోపలే ఒక ప్రోగ్రాములాగా, విండోస్ పెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు, 4 జీబీ ర్యామ్ మీద అది నడిచేది కాదు, పాకేది.

స్కూళ్ళ సంగతి కూడా ఎత్తుతాను, ఇది మీలాంటి పేపరు అడిగితేనే కదులుతుంది. కేరళలో సర్కారు బళ్ళలో ఏళ్ళ తరబడి లినక్సే నడుస్తోంది, కైట్ అని వాళ్ళ ప్రభుత్వ సంస్థే ఉబుంటు మీద తమ బళ్ళకి కావాల్సిన ప్రోగ్రాములన్నీ వేసి, మలయాళంతో సహా సొంత వెర్షన్ తయారు చేసి అన్ని బళ్ళకీ ఇస్తుంది, టీచర్లకి ట్రైనింగూ ఇస్తుంది. మన దగ్గర మనుషులు లేక కాదు, హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు తెలుగులో ఓఎస్ ఎప్పుడో చేశారు, కేంద్ర ప్రభుత్వ సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్ ఉంది. ఉన్నా రెండు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వం వచ్చినా కొత్త కంప్యూటర్లు, కొత్త ట్యాబులు కొన్న ఫోటోలు పేపర్లో వస్తాయి, పాత ల్యాబ్ తాళం తీసి చూసే ఐటం రాదు. ఆ ల్యాబుల్లో ట్యాలీ, పేజ్‌మేకర్ గొడవ కూడా లేదు, పిల్లలు టైపింగ్, డ్రాయింగ్, పైథాన్ నేర్చుకుంటారు, వాటికి రెండు ఓఎస్‌లు కూడా అక్కర్లేదు, ఒక్క లినక్స్ చాలు. మీ జిల్లా రిపోర్టర్లని ఒకసారి పంపించి ఎన్ని బళ్ళలో కంప్యూటర్లు ఆన్ చేస్తే లేస్తున్నాయో, ఎన్ని ఓఎస్ పాతదైందని మూల పడేశారో రాయించండి.

మీ టెక్నాలజీ పేజీ రాసే వాళ్ళకి ఒక రిక్వెస్టు. ఈ డ్యుయల్ బూట్ మీద బొమ్మలతో ఒక పేజీ వెయ్యండి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డైనమిక్ డిస్క్ హెచ్చరిక ఎట్లా ఉంటుందో స్క్రీన్ ఫోటో తప్పకుండా ఉండాలి, పక్కన నో కొట్టమని తెలుగులో పెద్దక్షరాలతో. బూట్ మెనూ కీలు కూడా చిన్న బాక్సులో ఇవ్వండి, చాలామంది పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని కూడా అక్కడే ఆగిపోయి నా దగ్గరికొస్తున్నారు. హెచ్‌పీకి ఎఫ్9, డెల్‌కీ లెనోవోకీ ఎఫ్12, ఆసుస్ లాప్‌టాప్‌కి ఎస్కేప్, ఏసర్ అయితే ముందు ఎఫ్2 కొట్టి బయోస్‌లో ఎఫ్12 బూట్ మెనూ ఎనేబుల్ చేసుకుని అప్పుడు ఎఫ్12. కొన్ని లెనోవోల్లో పక్కన పిన్ను పట్టేంత చిన్న బొక్క ఉంటుంది, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది, రీసెట్ అనుకుని భయపడి ఎవరూ ముట్టుకోరు, అది కూడా రాయండి.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని,
గుడివాడ, కృష్ణా జిల్లా